చెత్తతో బొమ్మ చేయడానికి చెత్త కొనుక్కోవాలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది కావలి. ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు, లంగాలు, పిల్లల యూనిఫాంలు కుడుతుంటాను. మీ పేపరు మా ఇంటికి చాలా ఏళ్ళుగా వస్తోంది, చదవడం అయ్యాక జాకెట్ కటింగులకు కూడా అదే నాకు ఆధారం. ఇప్పుడు రాస్తున్నది మాత్రం బడుల్లో చిన్న పిల్లల చేత చేయిస్తున్నామని చెప్పుకునే క్రాఫ్టుల గురించి. ఏ బడి అని అడగొద్దు, ఒక్క బడి అయితే అసలు ఈ ఉత్తరమే రాసేదాన్ని కాదు.

రాత్రి ఎనిమిది దాటాక తల్లుల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడుతుంది. రేపు ఎల్కేజీ, యూకేజీ పిల్లలకు ‘బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్’ కాంపిటీషన్, ఇంట్లో పనికిరాని వస్తువులతో ఏదైనా ఒక మోడల్ చేయించి పంపండి అని. ఇక చూడండి టెన్షన్. అన్నం పొయ్యి మీద ఉండగానే ఒకామె మా గుమ్మంలోకి వస్తుంది, “అక్కా, మెరిసే ముక్కలేమన్నా ఉండాయా, అద్దాలు కుట్టిందయితే ఇంకా మంచిది” అని. ఆమె వెనకే ఇంకొకామె. ఫ్యాన్సీ షాపు మూసేలోపు వెళ్ళాలని మగవాళ్ళు బండ్లు తీస్తారు. థర్మోకోల్ షీటు, ఐస్‌క్రీం పుల్లల కొత్త ప్యాకెట్టు, గ్లిట్టర్ డబ్బీ, ప్లాస్టిక్ కళ్ళు, వేడి బంక పోసే గన్ను, అంతా కలిపి రెండు మూడు వందలు సులువుగా అవుతాయి. మా పక్క కిరాణా కొట్టు ముందు ఒకాయన కొత్త కూల్‌డ్రింక్ సీసా కొని, సగం తాగి, మిగతాది కాలవలో పారబోసి, ఖాళీ సీసాను చంకలో పెట్టుకుని ఇంటికి పోవడం నేను చూశాను. పనికిరాని వస్తువు కావాలి కదా మరి, ఇంట్లో లేకపోతే కొనాల్సిందే!

ఇంత హడావుడిలో ఆ నాలుగేళ్ళ బిడ్డ ఎక్కడున్నాడో ఎవరికీ పట్టదు. నిద్రపోతుంటాడు. పొద్దున్నే లేచేసరికి టేబుల్ మీద దీపాలు వెలిగే ఇల్లో, నీళ్ళు చిమ్మే ఫౌంటెనో తయారై ఉంటుంది. దాన్ని ముట్టుకుంటే వీపు పగులుతుందని చెప్పి ఆటోలో తల్లి ఒళ్ళో పెట్టుకుని బడికి తీసుకెళ్తుంది. బహుమతి కూడా దానికే వస్తుంది. నిజంగా బిడ్డ చేతుల్తో చేసుకొచ్చిన వంకర టింకర కాగితం చేప ఏదైనా ఉంటే అది బెంచీ కింద పడి ఉంటుంది. టీచరమ్మలను కూడా పూర్తిగా తప్పు పట్టలేను, గోడకు అందంగా కనిపించకపోతే వాళ్ళకు పైనుంచి మాటలు పడతాయట.

ఒక సంగతి బడి వాళ్ళకు గుర్తు చేయాలి. అలంకరణకు వాడే థర్మోకోల్‌ను మన దేశంలో 2022 జులై 1 నుంచి నిషేధించారు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సామాన్ల జాబితాలో ప్లాస్టిక్ స్ట్రాలు, గ్లాసులు, చెంచాలు, బెలూన్లకు, ఐస్‌క్రీముకు వాడే ప్లాస్టిక్ పుల్లలతో పాటు అదీ ఉంది. పర్యావరణం మీద బిడ్డకు అవగాహన కలిగించడానికి పెట్టిన పోటీకి మనం నిషేధించిన సరుకుతో బొమ్మ చేసి పంపుతున్నామన్నమాట. గ్లిట్టర్ సంగతీ అంతే, అది పొడి చేసిన ప్లాస్టిక్ తప్ప మరొకటి కాదు, ఐరోపా దేశాల్లో విడిగా డబ్బాల్లో అమ్మే ప్లాస్టిక్ గ్లిట్టర్‌ను 2023 అక్టోబరు నుంచి కట్టడి చేశారు. ఇక్కడేమో అది పిల్లల జుట్టులో, అన్నం కంచంలో, మా మిషను పళ్ళ మధ్యలో కూడా దొరుకుతోంది.

యూట్యూబులో చూసి చేయించుకోండి అంటారు కొందరు. చూశాను. ఎక్కువ వీడియోల్లో మొదటి మాటే టాయిలెట్ పేపర్ రోల్ మధ్యలో ఉండే అట్ట గొట్టం తీసుకోండి అని. మన ఇళ్ళలో అది ఎక్కడి నుంచి వస్తుందండీ? తర్వాత పైప్ క్లీనర్లనే బొచ్చు చుట్టిన తీగలు, ఫెల్ట్ అనే దళసరి గుడ్డ. అవి ఆ దేశాల్లో వాళ్ళకు చేతికందే సరుకులు, వాళ్ళు వాడుకోవడంలో తప్పేమీ లేదు. మనకు చేతికందేవి వేరే. పెళ్ళి పత్రికలు, పాత క్యాలెండర్లు, అగరబత్తి డబ్బాలు, అగ్గిపెట్టెలు, కోడిగుడ్ల అట్టలు, టెంకాయ చిప్పలు, చింతపిక్కలు, ఉల్లిపాయ పొట్టు, పెన్సిల్ చెక్కితే వచ్చే అంచు రంగు చుట్టలు, బట్టల షాపులో తాన్లు చుట్టే అట్ట గొట్టాలు, మాబోటి వాళ్ళ దగ్గర గుడ్డ పీలికలు. అట్ట గొట్టమే కావాలంటే ఏ బట్టల షాపులో అడిగినా ఊరికే ఇస్తారు, కోసుకుంటే పది బొమ్మలకు వస్తుంది.

అన్నిటికంటే ముందు మీ పేపరు ఉంది. మూడేళ్ళ బిడ్డకు కత్తెర ఇవ్వకండి, పేపరు ఇచ్చి చింపమనండి. చింపడం అంటే మనకు పాడు చేయడంలాగా కనిపిస్తుంది గానీ ఆ వయసుకు అదే పెద్ద పని. రెండు చేతుల బొటనవేళ్ళు, చూపుడు వేళ్ళు కాగితాన్ని పట్టుకుని ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు పోవాలి. పలక బలపం పట్టడానికి కావలసిన పట్టు అక్కడే వస్తుంది. ఒక్కసారి మీరే ప్రయత్నించి చూడండి, పేపరును పైనుంచి కిందికి చింపితే గీత గీసినట్టు నిలువుగా తిన్నగా వస్తుంది, అదే అడ్డంగా చింపారంటే ఎటుపోతుందో దానికే తెలియదు. కాగితం తయారయ్యేటప్పుడు అందులో పీచు ఒక వైపుకే ఎక్కువగా వాలి ఉంటుంది, ఆ వాలు వెంట చింపితే సాఫీగా వస్తుంది. మాకు గుడ్డలో నిలువు పోగు, అడ్డ పోగు ఉన్నట్టే. ఈ సంగతి బిడ్డకు చెప్పకండి, వాడి చేతికి ఆ రెండు రకాలూ తగలనివ్వండి, కాసేపటికి వాడే పేపరు తిప్పుకుని చింపుతాడు. నిలువు ముక్కలు వానకూ, జుట్టుకూ, గడ్డికీ పనికొస్తాయి. అడ్డంగా వచ్చిన గజిబిజి ముక్కలు కొండలకూ, మేఘాలకూ.

ఇలా అంటించడాన్ని కోలాజ్ అంటారు, ఇదేదో చిన్నపిల్లల కాలక్షేపం మాత్రమే అనుకోకండి. 1912లో ఫ్రాన్స్‌లో పికాసో, బ్రాక్ అనే ఇద్దరు చిత్రకారులు తమ బొమ్మల మీద పేపరు ముక్కలు, గోడకు అంటించే కాగితాలు అంటించి చూపించాకే అది పెద్దల కళ అయింది. మతీస్ అనే ఆయన పెద్ద ఆపరేషను అయ్యాక నిలబడి రంగులు వేసే ఓపిక తగ్గితే మంచం మీదా, చక్రాల కుర్చీలో కూర్చునీ రంగు కాగితాలు కత్తెరతో కోసి పెద్ద పెద్ద బొమ్మలు చేశాడు. మన దేశంలో చండీగఢ్‌లో నేక్‌చంద్ అనే ప్రభుత్వోద్యోగి పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, విరిగిన టైల్సు ఏరుకొచ్చి ఎవరికీ తెలియకుండా అడవిలో ఒక తోటే కట్టేశాడు, 1976లో దాన్ని జనం చూడటానికి తెరిచారు. ఆయనకు పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఎవరూ ఫ్యాన్సీ షాపుకు పోలేదు.

బంక గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఖర్చంతా దాని దగ్గరే మొదలవుతుంది కాబట్టి. ఒక గరిటె మైదాను ముందు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలపండి, వేడి నీళ్ళలో వేస్తే ఉండలు కట్టి తీరుతుంది. మొత్తం మూడు నాలుగు గరిటెల నీళ్ళు పడతాయి. సన్న సెగ మీద పెట్టి కలుపుతూనే ఉండాలి. తెల్లగా ఉన్నది కాసేపటికి గాజులాగా అవుతుంది, గరిటెకు అంటుకుని నెమ్మదిగా జారుతుంది, అప్పుడు దించేయండి. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది కాబట్టి పలుచగా ఉన్నప్పుడే దించడం మేలు. చిటికెడు ఉప్పు వేస్తే రెండు రోజులు ఆగుతుంది, మూత పెట్టి ఫ్రిజ్‌లో పెడితే ఇంకాస్త. వాసన మారితే పారేయండి. వాల్‌పోస్టర్లు అంటించే వాళ్ళు ఇందులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు, అది విషం, ఎవరైనా సలహా ఇచ్చినా పిల్లలకు చేసే దాంట్లో కలపొద్దు. మైదా లేకపోతే చిక్కటి గంజి చాలు. అదీ లేకపోతే అన్నం మెతుకులు, మన చిన్నప్పుడు గాలిపటాలు ఎలా అంటించాం? బ్రష్షు అక్కర్లేదు, వేలే బ్రష్షు. కొందరు బిడ్డలకు వేలికి బంక అంటితే ఏడుపు వస్తుంది, వాళ్ళకు చిన్న తడిగుడ్డ పక్కన పెట్టండి, బలవంతం చేయకండి.

కుట్టేదాన్ని కదా, గుడ్డ గురించి ఒక కిటుకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. తల్లులు పీలికలు పట్టుకెళ్ళి అలాగే పిల్లల చేతికి ఇస్తారు, పిల్లల కత్తెరకు అది తెగదు, రెండు అంచుల మధ్య మడతపడి నలుగుతుంది, తెగినా పోగులు ఊడిపోతాయి. పీలికల్ని గంజిలో ముంచి, గట్టిగా పిండకుండా స్టీలు పళ్ళెం వెనక పరిచి ఎండబెట్టండి. ఎండాక అప్పడంలా లేచి వస్తుంది. ఇక అది కాగితంలాగే తెగుతుంది, అంచు కూడా ఊడదు. నూలు గుడ్డయితేనే ఇది బాగా పనిచేస్తుంది, నైలాను, సాటిను గంజిని పట్టవు. పాత వెంకటగిరి చీర అంచు ముక్క ఎవరింట్లోనైనా ఉంటే కాస్త జరీతో ఎంత బాగుంటుందో, చేప పొలుసులకు దానికి మించింది లేదు. పట్టు ముక్క కోసం మాత్రం నన్ను అడగొద్దు, అది కస్టమర్లకు తిరిగి ఇచ్చేస్తాను.

మా ఇంట్లో పిల్లలు, చుట్టుపక్కల పిల్లలు సెలవు రోజున నా మిషను కింద చేరతారు. వాళ్ళతో చేయించిన వాటిలో నాకు బాగా నచ్చింది ఒంగోలు గిత్త. అదొక్కటి చెప్తాను, మిగతావి మీరే ఊహించుకోగలరు. ఏదైనా పార్సిలొచ్చిన అట్టపెట్టె పక్క భాగం తీసుకుని పెద్దవాళ్ళు గిత్త ఆకారం ఒక్కటి గీసివ్వాలి, మూపురం, గంగడోలు కాస్త ఎక్కువ చేసి గీసినా ఫరవాలేదు, అవి కనపడితేనే అది గిత్త. తర్వాత మన చేతులు కట్టేసుకోవాలి. గిత్తకు మూడే రంగులు కావాలి, తెలుపు, బూడిద, నలుపు. తెలుపుకు పాత నోటుపుస్తకంలో రాయని కాగితాలు. బూడిద రంగు ఎక్కడిదని పిల్లల్నే అడగండి. పేపరు దూరం నుంచి చూస్తే అక్షరాలన్నీ కలిసిపోయి బూడిద రంగులో కనిపిస్తుంది, చిన్న అక్షరాల ప్రకటనల పేజీ అయితే ఇంకా ముదురుగా. గిత్త ఒళ్ళు తెల్లగా ఉన్నా మెడ, మూపురం దగ్గర బూడిద ఛాయ ఉంటుంది కదా, అక్కడ ప్రకటనల ముక్కలు. ఈ సంగతి కనిపెట్టింది యూకేజీ చదివే ఒక పిల్ల. ఒక పేజీ గోడకు ఆనించి పెట్టి వెనక్కి వెళ్ళి చూసి, “ఇది గిత్త రంగే” అంది. నలుపుకు ఫొటోల్లో జుట్టు, కారు ప్రకటనల్లో టైర్లు చింపుకున్నారు, గిట్టలకు, తోక కుచ్చుకు, కంటి చుట్టూ. కొమ్ములు మాత్రం రెండు అగ్గిపుల్లలు, మందు తీసేసినవి.

పిల్లలు అంటించేటప్పుడు ముక్కలు గీత దాటి బయటికి వస్తాయి. రానివ్వండి. ఎండాక చుట్టూ పెద్దవాళ్ళు కోసేస్తే సరిపోతుంది, అదైనా బిడ్డ అడిగితేనే. ఒక పిల్లవాడు మూపురం తోక దగ్గర పెట్టాడు, వాళ్ళ అమ్మ తీసి సరిచేయబోతే వాడు ఒప్పుకోలేదు, గిత్త వెనక్కి తిరిగి చూస్తోందట. బ్రెజిల్‌లో మన ఒంగోలు జాతి పశువుల్నే పెంచి, దానికి నెలోర్ అని పేరు పెట్టుకున్నారు, మన నెల్లూరు పేరే అది, అని చెప్తే పిల్లల కంటే వాళ్ళ నాన్నలే ఎక్కువ ఆశ్చర్యపోయారు. ఒంగోలు, నెల్లూరు అని రెండు ఊళ్ళ పేర్లూ మోసే ఇంత మంచి జంతువు మన పక్కన ఉంటే బడి గోడల మీద పెంగ్విన్లు, పోలార్ బేర్లు ఎందుకో నాకు అర్థం కాదు. పెంగ్విన్ల మీద నాకు కోపమేమీ లేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. అగ్గిపెట్టెలకు దారం కట్టి వరుసగా లాగితే గూడ్సు బండి, మా ఊరి మీదుగా చెన్నై, విజయవాడ బండ్లన్నీ పోతాయి కాబట్టి మా పిల్లలకు పెట్టెలు లెక్కపెట్టడం పుట్టుకతో వచ్చిన విద్య. పెట్టెల్లో చింతపిక్కలు, బియ్యం, ఇసుక నింపితే సరుకు ఎక్కించినట్టు. కోడిగుడ్ల అట్టలో ఒక్కో గుంట కోస్తే ఒక్కో పువ్వు, బోర్లిస్తే తాబేలు డిప్ప. అట్ట ఎక్కువగా ఉంటే నీళ్ళలో నానబెట్టి గుజ్జు చేయండి. మా అవ్వ పాత పేపర్లు, నానబెట్టిన మెంతులు కలిపి రోట్లో రుబ్బి చేటలకు పూసేది, సందుల్లోంచి నూకలు జారకుండా. ఆ గుజ్జే చిన్న గిన్నె మీద మందంగా పూసి ఎండబెడితే కాగితం గిన్నె, పెన్సిళ్ళకో, పిన్నీసులకో పనికొస్తుంది. గిన్నెకు ముందు కాస్త నూనె రాయడం మరచిపోకండి, లేకపోతే ఊడి రాదు. మెంతుల వాసన రెండు రోజులు ఇల్లంతా ఉంటుంది, అది మీ ఇష్టం.

పసుపు కాగితం ఆట కూడా చెప్పాలి. తెల్ల కాగితాన్ని పసుపు నీళ్ళలో ముంచి ఎండబెట్టండి. ఎండాక సబ్బు నీళ్ళలో వేలు ముంచి దాని మీద గీస్తే ఎర్రగా గీత పడుతుంది. పారాణి ఎలా తయారవుతుందో తెలిసిన మనకు ఇది వింత కాదు, పసుపుకు సున్నం తగిలినా సబ్బు తగిలినా రంగు మారుతుంది. పిల్లలకు మాత్రం అది గారడీ. పిల్లల చేతికి సున్నం ఇవ్వొద్దు, కంట్లో పడితే ప్రమాదం, సబ్బు చాలు. పైన నిమ్మరసం రాస్తే మళ్ళీ పసుపు పచ్చగా అయిపోతుంది, ఇక ఆ పూట వాళ్ళు మిమ్మల్ని వదలరు. ఆ ఎర్ర, పసుపు కాగితాలు ఎండబెట్టి దాచుకుంటే రంగు కాగితాలు కొనే పని లేదు.

సముద్రం దగ్గర ఉన్న మనకు ఇంకో అదృష్టం. మైపాడు పోయినా, కొత్తపట్నం పోయినా ఆల్చిప్పలు, గవ్వలు ఏరుకు రాకుండా ఏ బిడ్డా తిరిగి రాడు, వచ్చాక అవి బకెట్లో కంపు కొడుతూ పడి ఉంటాయి. మరిగే నీళ్ళలో వేసి తీసి, తోమి ఎండబెట్టండి. అట్ట మీద బంక రాసి ఇసుక చల్లి, దులిపేసి, పైన ఆల్చిప్పలు అంటిస్తే సముద్రం ఒడ్డు తయారు. తాటాకు బూరలు, తాటి బుర్రల బండ్లు మా తరానికి తెలిసినంతగా ఇప్పటి తల్లులకు తెలియవు గానీ ఇంట్లో తాతలకు ఇంకా చేతుల్లో ఉంది ఆ పని. ఆదివారం తాతయ్య చేతికి ఫోను ఇవ్వకుండా తాటాకు ఇచ్చి చూడండి. మా పక్క అబ్రకాన్ని కాకి బంగారం అంటారు, సైదాపురం, గూడూరు వైపు గనుల పుణ్యమా అని అక్కడి పిల్లలకు రోడ్డు పక్కనే పొరలు దొరికేవి, మెరిసేది కావాలంటే ఒక్క రేకు చాలు, గ్లిట్టర్ దండగ. దాన్ని నలిపి పొడి చేయనివ్వకండి, ఆ దుమ్ము ఊపిరిలోకి పోవడం మంచిది కాదు.

జాగ్రత్తల దగ్గర మాత్రం నేను మొహమాటం లేకుండా చెప్తాను. గింజలతో బొమ్మలంటూ గురివింద గింజలు వాడుతున్నారు, ఎర్రగా నల్ల చుక్కతో ముచ్చటగా ఉంటాయి కాబట్టి. గురివింద గింజ పగిలి లోపలికి పోతే ప్రాణాంతకం. ఆముదం గింజలూ అంతే. గన్నేరు ఆకులు, పూలు, కాయలు అన్నీ విషమే, ఆకుల కోలాజ్‌కు అవి తప్పించండి, మామిడి, రావి, జామ, మునగ ఉండగా వాటి అవసరమేమిటి? మూడేళ్ళ లోపు పిల్లలు ఇంట్లో ఉంటే చింతపిక్కలు, పూసలు, బొత్తాలు నేల మీద వదలొద్దు, అవి గొంతులో అడ్డం పడే సైజు. పగిలిన బెలూను ముక్క అంతకంటే ప్రమాదం. పాత రిమోటో, పాడైన బొమ్మ గడియారమో విప్పి బొమ్మ చేద్దామంటారు పెద్ద పిల్లలు, అందులోని బొత్తాంలాంటి బ్యాటరీ మింగితే కొద్ది గంటల్లోనే ఆహారనాళం కాలిపోతుంది, దాన్ని ముందే తీసి దాచేయండి. గాజు ముక్కలు, మాత్రల ఖాళీ స్ట్రిప్పుల అంచులు కోసుకుంటాయి. వేడి బంక గన్ను అయిదేళ్ళ బిడ్డ ఉన్న గదిలోనే వద్దు. పేపరుతో ఆడాక చేతులు సబ్బుతో కడిగించండి, ఆ సిరా నోట్లోకి పోకూడదు. బజ్జీలు, దోసెలు పేపర్లో చుట్టివ్వొద్దని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళు 2023లో చెప్పింది కూడా అందుకే. మీ పేపరును తిట్టడం కాదు, అన్ని పేపర్లూ అంతే.

కొందరు తల్లులు నన్ను అడుగుతారు, ఇదంతా చేయించడానికి మాకు టైము యాడుంది అని. నిజమే, రొయ్యల కంపెనీలో షిఫ్టు చేసి వచ్చే తల్లికి, పొగాకు పనికి పోయొచ్చే తల్లికి ఒంట్లో ఓపిక ఉండదు. నేను చెప్పేది తక్కువ పని. రాత్రి రెండింటి వరకూ మేలుకుని ఫౌంటెన్ కట్టే బదులు, మీరు కూరగాయలు తరిగేటప్పుడు పక్కన ఒక పేపరు, బంక గిన్నె పెట్టి వదిలేయండి. ఏం చేస్తున్నావని పదే పదే అడగొద్దు. ఇది కుక్కా పిల్లా అని కూడా అడగొద్దు, చాలాసార్లు వాళ్ళకే అప్పటికి తేలి ఉండదు. చేశాక “ఇక్కడ ఈ ఎర్ర ముక్క ఎందుకు పెట్టావు” అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు, పావుగంట కథ వినిపిస్తారు. వంటింట్లో చెత్త అవుతుంది నిజమే. పీట కింద పాత దుప్పటి పరిచి, అయ్యాక దుప్పటి దులపండి.

అరవింద్ గుప్తా అని ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఇంజినీరు ఒకాయన ఉన్నారు. సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలతో ఇల్లు, గోపురం, లెక్కల బొమ్మలు చేయడం పల్లెటూరి బడుల్లో పిల్లలకు నేర్పిస్తూ వచ్చారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన పెట్టే బొమ్మలకు కావలసినవి సైకిల్ షాపు ముందు నేల మీద దొరుకుతాయి, ఇంటర్నెట్‌లో కూడా అన్నీ ఉచితంగానే పెట్టారు. మన బడుల యాజమాన్యాలు అవి ఒకసారి చూస్తే బాగుంటుంది. చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. పోటీ ఇంటికి పంపొద్దు, బడిలోనే పెట్టండి. ముందు వారమంతా పిల్లలతో ఇంటి నుంచి ఒక్కో వస్తువు తెప్పించి గది మూలన అట్టపెట్టెలో వేయించండి, కొన్నవి పనికిరావు అని ఒక్క లైను డైరీలో రాయండి. శనివారం అందరికీ అదే పెట్టె ముందు పెట్టి గంటసేపు వదిలేయండి. ఇంట్లో డబ్బున్న పిల్లా, లేని పిల్లా ఒకే పెట్టెలో చేతులు పెడతారు. ఫస్టు, సెకండ్ ప్రైజులు లేకుండా అన్నీ గోడకు కట్టండి, మార్కులు వేయడానికి ఎక్కాల పరీక్షలున్నాయి కదా. అంగన్‌వాడీల్లో ఇది ఇంకా సులువు, అక్కడికి కోడిగుడ్లు వస్తాయి కాబట్టి గుడ్ల అట్టలకు కొదవే ఉండదు.

ఇక మీతో పని. ఆదివారం పిల్లల పేజీలో మీరు వేసే ‘ఇలా చేద్దాం’ లాంటి వాటిలో దయచేసి చార్టులు, ఫోమ్ షీట్లు, గ్లిట్టర్ పెన్నులు రాయకండి, మా ఊళ్ళో ఉన్న సరుకు రాయండి. నెలకొకసారైనా మన జిల్లాల బొమ్మ ఒకటి, గిత్తో, పడవో, ఉదయగిరి కొయ్య చెంచానో, పెన్నా బ్యారేజో, లోపల ఖాళీగా ఉండే గీతతో పెద్దదిగా వేస్తే పిల్లలు దాని మీదే అంటించుకుంటారు. అలా వేసేటప్పుడు ఆ బొమ్మ వెనక వైపు పేజీలో ప్రకటన వేయండి, వార్త వేయొద్దు. ఇప్పుడు పిల్లలు కత్తెర పెట్టే చోటే వెనక రాశిఫలాలో, క్రికెట్ స్కోరో ఉంటోంది, సాయంత్రం దాకా పేపరు చదవడం పూర్తి చేయని మా ఆయనతో రోజూ నేనే మాట పడుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కావలి, నెల్లూరు జిల్లా.